నూనెకు ఊపిరి పోసిన సింహాచలం మేస్త్రి

సింహాచలం మేస్త్రి దివంగతుడైన వార్త నాకు ఉదయం దుకాణం తలుపులు తీస్తుండగా తెలిసింది. వెలిగించిన అగరువత్తి చేతిలోనే ఉండిపోయింది. ఆ కబురు తెచ్చినవాడి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. "నిన్న సాయంత్రం టీలో పంచదార ఎక్కువైందని నాతో గొడవపడ్డాడు, తెల్లారేసరికి ఎలా పోతాడు?" అని కసిరాను. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నడుం వాల్చిన మనిషి మరి లేవలేదట. అనాయాస మరణం పుణ్యాత్ములకే దక్కుతుందని పదిమందీ నన్ను ఓదార్చారు. నాకు మాత్రం ఆ మాటతో ఊరట కలగలేదు.

మాది తాతల నాటి నుంచి బరంపురంలో వర్తకం చేసుకుంటున్న కుటుంబం. మోటారు విడిభాగాల దుకాణం మాది, ఎదుట బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఆయనది. నడుమ ఉన్న వీధిని నలభై ఏళ్ళపాటు ఇద్దరం తెగ అరిగించాం. దివంగతులను ఆజానుబాహులనీ, స్ఫురద్రూపులనీ వర్ణించడం ఇటువంటి వ్యాసాలలో ఆనవాయితీ. మా మేస్త్రి పొట్టివాడు. జీపు ఇంజన్‌లోకి వంగాలంటే కాళ్ళ కింద రెండు ఇటుకలు వేసుకునేవాడు. కాని ఆ ఇటుకల మీద నిలబడి ఇంజన్ శబ్దం వింటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన ఏకాగ్రతను నేను పూజ చేసేవారిలో సైతం అరుదుగా చూశాను.

ఇచ్ఛాపురం అవతలి పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఆయనకు ఒడియా రాదు. పొలసర నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు ఇంజన్ కిందకి చెయ్యి చూపించి, "తేలొ బాహారుచి!" అని అరిచాడు. నూనె కారుతోందని వాడి గోల. మన మేస్త్రికి వినిపించింది తేలు. చేతిలో ఉన్న పానా పారేసి, ఒక్క గెంతులో లారీ బంపరు ఎక్కేసి, "ఏదీ? ఎక్కడ? సెప్పుతో కొట్టండ్రా!" అని కేకలు పెట్టాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం కిందకి దిగి, నవ్వులన్నీ అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, ఆ డ్రైవరు చేతనే ఆ పూట ఇరవై ఒడియా మాటలు నేర్చుకున్నాడు. "మాట తెలీకపోతే పానా తిప్పినా దండగే" అని ఆ తరువాత తరచూ అనేవాడు.

ఆ సూక్తి విలువ నాకు తెలిసి వచ్చింది గోపాలపూర్ నూకరాజు బండి విషయంలో. దాన్ని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. అందులో నా తప్పు ఒకటుంది.

నూకరాజు సముద్రం మీద బతికిన మనిషి. అల పడవను ఎత్తి కొట్టినప్పుడు నడుం దెబ్బతిని వేటకు పనికిరాకుండా పోయాడు. పడవలో తన వాటా వదులుకుని పాత ఏటీవీ ఒకటి కొన్నాడు. లావు టైర్లతో ఇసుకలోనూ గట్ల మీదా కూడా పరుగెత్తే నాలుగు చక్రాల బండి అది. తీరానికి వచ్చిన యాత్రికులను దాని మీద తిప్పి ఇల్లు నడుపుకునేవాడు. అయితే ఎండవేళ మెత్తటి ఇసుకలో నాలుగు చుట్లు తిప్పేసరికి ఇంజన్ చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. ఒకసారి బిగుసుకుపోతే మేస్త్రే విప్పి బాగుచేశాడు. నూకరాజు తమ్ముడు అప్పటికే సూరత్ మగ్గాల మిల్లులో ఉన్నాడు, అన్నకూ చోటు చూశానని కబురు పెట్టాడు. దెబ్బతిన్న నడుంతో పన్నెండేసి గంటలు మగ్గం ముందు నిలబడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఈ బండి నిలబడకపోతే నూకరాజుకు వేరే దారి లేదు.

"దీనికి ఆయిల్ కూలరు పెడదాం" అన్నాడు మేస్త్రి. ఇంజన్‌లోని వేడి నూనెను ఒక గొట్టం ద్వారా బయటికి తెచ్చి, సన్నటి రేకులున్న చిన్న పెట్టెలో తిప్పి, గాలికి చల్లార్చి, మరో గొట్టం ద్వారా వెనక్కి పంపే సాధనం అది. బండితో పాటు రాదు, వేరే కొని బిగించుకోవాలి. నేనే కటకం నుంచి తెప్పించాను.

బిగించడానికి ఆయన రెండు రోజులు తీసుకున్నాడు. ముందు చక్రాలు చిమ్మే ఇసుక తగలని ఎత్తులో, గాలి సూటిగా కొట్టే చోటు వెతికి ఇనప పట్టీలు అమర్చాడు. బండి అదురుకు రేకులు చిట్లకుండా పాత ట్యూబు ముక్కలు కోసి మెత్తలు వేశాడు. గొట్టాలు సైలెన్సరుకు ఆనకుండా తిప్పి, హ్యాండిలును పూర్తిగా కుడికీ ఎడమకీ వాల్చి, ఎక్కడా లాగడం లేదని నిర్ధారించుకున్నాడు. ఆపైన ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, నూనె కొలత చూశాడు. తగ్గింది. కొత్త పెట్టె, గొట్టాలు తమ వంతు తాగేశాయి. "ఇంటికి కొత్త సుట్టం వచ్చింది కదేటి, దాని వంతు కూడా వండాల" అంటూ తగ్గినంత పోశాడు.

నూకరాజు నా గల్లా దగ్గరకు వచ్చి, "బాబూ, ఇదేటి సేస్తాది?" అని అడిగాడు. నాకు బేరాల హడావుడి. పైగా నోటి దురద. "కూలరంటే తెలీదట్రా? మీ వీధిలో ఎవరింట్లోనూ లేదా? అదే ఇది, బండికి" అని నవ్వి పంపించేశాను.

వారం తిరగకుండానే నూకరాజు ఫోను చేశాడు. బండి మునుపటికన్నా తొందరగా కాలిపోతోందట. సూరత్ రైలుకు టిక్కెట్టు తీయించుకున్నానని చెప్పాడు. మేస్త్రి ముఖం నల్లబడింది. షెడ్డు మూసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు. నేనూ వెంట వెళ్ళాను.

తీరాన మేం చూసినది ఇది. ఆయిల్ కూలరు చుట్టూ తడి గోనె, దాని మీద వట్టివేళ్ళ చాప ముక్క, చుట్టూ తాడు. పక్కన బిందె. ఉప్పునీరు తగిలితే తుప్పు పడుతుందని నూకరాజు భార్య పోలమ్మ ప్రతి చుట్టుకూ ఇంటి నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చి తడుపుతోంది. మా బరంపురం వేసవిలో గదుల్లో పెట్టుకునే కూలరుకు ఏ సేవ చేస్తామో ఆ సేవంతా దానికి చేశారు. గాలి చొరబడే సందు లేదు. తడి గోనెకు ఇసుక అంటుకుని గట్టి గోడ అయిపోయింది. అది చూడగానే నాకు నా మాట గుర్తొచ్చింది. మేస్త్రికి చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు.

ఆయన తాళ్ళు కోసి, గోనె తీసి, రేకుల సందుల్లో ఇసుకను మెత్తటి కుంచెతో దులిపాడు. కోప్పడలేదు. భార్యాభర్తలిద్దరినీ బండి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తప్పు నాది, నూకరాజూ. పేరు సెప్పీసి ఊరుకున్నాను, పని సెప్పలేదు. సూడు, దీనికి నీళ్ళొద్దు, గాలి కావాల. వలని ఎండలో ఆరేస్తావు గదా, అలాగే ఇది నూనిని గాలికి ఆరేస్తాది. మూసీసినావంటే ఊపిరాడదు" అన్నాడు. పోలమ్మ బిందె పక్కన పెట్టి, "మరి ఊరికే మోసినాను గదా, అయ్యా!" అని నెత్తి కొట్టుకుంది. "నీ మోత ఊరికే పోదు తల్లీ, నాకు గ్లాసుడు నీళ్ళియ్యి" అన్నాడాయన.

ఎండ చండప్రచండంగా ఉన్నా అప్పుడే పరీక్ష పెట్టాడు. అరవై దాటిన మనిషి లుంగీ ఎగ్గట్టి తనే బండెక్కాడు. నాలుగు చుట్లు, ఎనిమిది, పన్నెండు. తీరాన ఉన్న పిల్లలు "మౌసా, ఆఉ థరే!" అని, బాబాయ్ ఇంకోసారి తిప్పమని అరుస్తూ ఉత్సాహపరిచారు. నేను కొబ్బరినీళ్ళ బండి దగ్గరకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆయన దిగి నూకరాజుతో ఏదో మాట్లాడుతున్నాడు. బండి నిక్షేపంగా ఉంది. ఆ టిక్కెట్టు రద్దయింది. ఆనాటి నుంచి మేస్త్రి ఏ సామాను బిగించినా, బండి యజమానికి దాని పని అతని భాషలో చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకుని గాని తాళంచెవి ఇచ్చేవాడు కాడు. ఆ పాఠాలు విని నేను గల్లా దగ్గర ముసిముసిగా నవ్వేవాణ్ణి. నా తప్పు ఆయనకు తెలియదన్న ధైర్యం నాది.

పెద్దకర్మ అయ్యాక గోపాలపూర్ వెళ్ళాను. నూకరాజు తమ్ముడు సూరత్ వదిలి వచ్చేసి, తనూ ఒక పాత బండి కొన్నాడు. దానికి నూకరాజే స్వయంగా ఆయిల్ కూలరు బిగిస్తున్నాడు. ఇంజన్ నడిపి, ఆపి, నూనె కొలత చూసి, తగ్గినంత పోశాడు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటి సేస్తాదో నువ్వు సెప్పు, ఇంటాను" అన్నాడు. నా కళ్ళు నిండాయి. ఇక దాచలేకపోయాను.

"నూకరాజూ, ఆనాడు నీచేత గోనె కట్టించింది నా వెటకారమేరా" అన్నాను.

"తెలుసు బాబూ. ఆ రోజే మేస్త్రి బాబుకి సెప్పీసినాను, మీరు కొబ్బరినీళ్ళకి ఎల్లినప్పుడు."

"చెప్పావా! ఆయనేమన్నాడు?"

"'సావుకారు మనసు మెత్తన. తెలిసిందంటే తిండి తినడు. తప్పు నా మీదే ఉండనీ, నువ్వు మరెక్కడా ఎత్తకు' అన్నారు."

అన్ని సంవత్సరాలు నా ఎదుట కూర్చుని నాతో టీ తాగిన మనిషి ఒక్కనాడూ నన్ను ఎత్తిపొడవలేదు. పంచదార కోసం నాతో పోట్లాడాడు గాని, దీని కోసం పోట్లాడలేదు. నేను ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చాను. ఇటువంటి స్నేహితుడు నాకు మళ్ళీ లభించడు. ఆ పుణ్యమూర్తికి నేను ఏ నమస్కారం చేసినా చాలదు.

మరునాడు చికిటి నుంచి ఒక రైతు ట్రాక్టరుకు ఫిల్టరు కావాలని వచ్చాడు. పొట్లం కట్టి ఇవ్వబోయి ఆగాను. గల్లా దిగి, ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, అది ఏం చేస్తుందో చెప్పాను. నాకు అలవాటు లేని విద్య, చెప్పడం సరిగా రాలేదు. ఆయన అయోమయంగా చూశాడు. పొట్లం విప్పి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.