మా గేదె టానిక్

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది మాట. మాది భీమడోలు దగ్గర పల్లెటూరు. ఈనాక లేవలేకపోయిన మా గేదెకు పశువుల డాక్టరు డి విటమిను కలిసిన కాల్షియం టానిక్ రాశారు. నాలుగు రోజుల్లో అది లేచి గడ్డి మేసింది.

కొన్ని నెలలకు మావారికి విపరీతమైన దాహం, వాంతులు పట్టుకున్నాయి. మాట కూడా తడబడుతుంటే హడలిపోయి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను.

రక్తపరీక్షలు చూసిన డాక్టరుగారు, "కిడ్నీలు దెబ్బతిన్నాయండీ. కాల్షియం ఇంతుందేంటి? ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగారు.

"ఏమీ లేవండీ" అన్నాను నేను.

మావారు గోడవైపు తిరిగి, "గేదె టానిక్ అండీ. మోకాళ్ల నొప్పులకని రోజూ అరగ్లాసు తాగుతున్నాను. దాన్ని లేపింది కదా, నన్ను లేపదా అని..." అన్నారు.

పక్క మంచాలవాళ్లు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు.

"డి విటమిను ఎక్కువైతే రక్తంలో కాల్షియాన్ని పెంచేస్తుంది, ఒంట్లోంచి తొందరగా పోదమ్మా. సమయానికి తెచ్చారు, కోలుకుంటారు" అన్నారు.

అన్నట్టే సెలైన్లతో, మందులతో కిడ్నీలు మెల్లగా కుదుటపడ్డాయి. ఎంత మంచి మందైనా ఎవరికి రాసింది వాళ్లే తాగాలని మా ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది.

మరుసటి ఏడాది గేదె మళ్లీ ఈనింది. మావారే టానిక్ పట్టారు. అడుగున మిగిలిన గుక్కెడు కూడా దాని నోట్లోనే వంచి, "మొత్తం నీదేనే తల్లీ!" అన్నారు.