బ్లాస్టింగ్ వేళకు గుర్రం మీద

మా పాపకు పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే జబ్బు. పన్నెండేళ్లు వచ్చినా కుడి చేతి పిడికిలి విప్పదు. నూనె రాశాను, బతిమాలాను, నోటి దురుసుదాన్ని కాబట్టి కసిరాను కూడా. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఆ చేయి ఇక పనికి రాదని ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెప్పింది. పట్నంలో ఇలాంటి పిల్లలను గుర్రం ఎక్కించి వైద్యం చేస్తారట. గుర్రం దొరికితే తానే పక్కనుండి చేయిస్తానంది.

గోదావరిఖనిలో గుర్రమంటే బరాత్ గుర్రమే. పెళ్లికొడుకులను ఊరేగించే కాకను అడిగితే వెంటనే సరేనన్నాడు. నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా తెచ్చిన తెల్ల గుర్రం. బ్యాండుకూ పటాకులకూ బెదరదని ఒకటే గొప్పలు చెప్పాడు. నాకైతే దాన్ని చూస్తేనే భయమేసింది.

బొగ్గు బాయిలో పనిచేసే మా ఆయన పాత హెల్మెట్‌లో గుడ్డ కుక్కి పాప నెత్తిన పెట్టాం. రోజూ పొద్దున క్వార్టర్ల వెనక గ్రౌండులో తిప్పేవాళ్లం. ఒక పక్క డాక్టరమ్మ, ఒక పక్క నేను. పాప పకపకా నవ్వేది. పిడికిలి మాత్రం విప్పేది కాదు.

ఒకరోజు పొద్దున పెళ్లి ఉండి కాక మధ్యాహ్నం వచ్చాడు. పాప గుర్రం మీద ఉండగా, గనిలో బొగ్గు కోసం పేల్చే ముందు మోగే బ్లాస్టింగ్ సైరన్ మోగింది. రోజూ అదే వేళకు మోగుతుంది కాబట్టి, మాకు సైరన్ వింటే టైమ్ చూసుకోవడమే తెలుసు. చంటిపిల్లప్పుడు పాప ఆ పేలుడుకు ఉలిక్కిపడేది. ఛాతీ మీద చేయి వేసి, "ఏం లేదు బిడ్డ, బొగ్గు తీస్తున్నరు" అనేదాన్ని. తర్వాత తనకూ అలవాటైపోయింది. గుర్రానికి ఇంత దగ్గర నుంచి ఇది కొత్తని మా ఎవరికీ తట్టలేదు.

ఓపెన్‌కాస్టు గనిలో పేలింది. కాళ్ల కింద నేల అదిరింది. గుర్రం చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్లంతా వణుకుతూ నిలబడిపోయింది. కాక కళ్లెం బిగించి పట్టాడు. నేను పాప నడుం గట్టిగా పట్టుకుని, కాకను నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే పాప మెల్లగా ముందుకు వంగింది. కుడి పిడికిలిని గుర్రం మెడ మీద ఆనించింది. చూస్తుండగానే వేళ్లు విడివడి, అరచేయి మొత్తం దాని మెడకు తగిలింది. మాట సరిగా రాని నా బిడ్డ ఆగి ఆగి గుర్రంతో అంది.

"ఏం లేదు... బిడ్డ... బొగ్గు తీస్తున్నరు."

గుర్రం వణుకు తగ్గేదాకా ఆ చేయి అక్కడే ఉంది. తిట్లన్నీ మింగేసి, కాక ముందరే ఏడ్చేశాను.