బండి తిరిగొచ్చేదాకా

మా వీధిలో లవాన్ స్టకీ అంత గుండె దిటవున్న మనిషి ఇంకొకరు లేరని నేను ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురే. బజారులో ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే దుకాణం ఆమెది, అంతకుముందు ఆమె తండ్రిది. సుడిగాలికి దుకాణం పైకప్పు లేచిపోయిన రోజున, తడిసిన సరుకు పక్కన నిలబడి "ఒకసారి ఉతికినవి, చవగ్గా ఇస్తా" అని జనాన్ని నవ్వించింది. అలాంటి మనిషి మొహంలో ఈ వేసవి మొదలైన దగ్గర్నుంచి నెత్తురు చుక్క లేదు.

దీనికంతటికీ కారణం ఒక అర సెంటు. డాలరు సరుకు మీద అర సెంటు చొప్పున అమ్మకపు పన్ను పెంచాలనీ, పెంచకపోతే ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క అంబులెన్స్‌ను కొత్త ఏడాది నుంచి ఆపేయక తప్పదనీ మా నగర సభ చెప్పింది. ఆగస్టులో జనం ఓటు వేసి తేల్చాలి. మా బండి ఆగిపోతే ఇక జిల్లా కేంద్రం నుంచే రావాలి. మా క్యాన్సస్ రోడ్ల మీద అది వచ్చేలోపు మనిషి ఉండనూవచ్చు, పోనూవచ్చు. మొన్న వసంతంలో లవాన్ మొగుడు వెర్లిన్ వంటింట్లో గుండె పట్టుకుని కూలిపోతే, పొయ్యి మీద కాఫీ చల్లారకముందే మా ఊరి బండి వచ్చింది. అందుకే బతికాడు.

అయినా లవాన్ దుకాణం అద్దానికి "అర సెంటు వద్దు" అన్న బోర్డు తగిలించింది. వెర్లిన్ ఊరుకున్నాడా? ఇంటి ముందు గడ్డిలో "అర సెంటు కావాలి" అన్న బోర్డు పాతాడు. ఊరు ఊరంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పక్క జిల్లా సరిహద్దు మాకు పావుగంట దూరం. అక్కడ పన్ను తక్కువ, దుకాణాలు పెద్దవి. రొట్టె కోసం ఎవరూ సరిహద్దు దాటరు గానీ ఫ్రిజ్ కోసం దాటతారు. దుకాణం మూతపడితే వెర్లిన్ మందులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అంబులెన్స్ పోతే వెర్లిన్ ఎక్కణ్ణుంచి వస్తాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఓటింగుకు ముందు జరిగిన చివరి సభకు నేనూ లవానూ కలిసే వెళ్ళాం. సాయంత్రమైనా ఎండ ఇంకా హాలు గోడల మీదే ఉంది. మాట్లాడదలిచినవాళ్ళు ముందుగా పేరూ ఇంటి చిరునామా చెప్పాలి, ఆ తర్వాత మూడు నిమిషాలు ఇస్తారు. మొదట గోధుమ రైతు హార్లన్ లేచాడు.

"పోయినసారి రోడ్లకని పన్ను పెంచారు. ఏమొచ్చింది? ఊరి మొదట్లో దీపాల తోరణం వచ్చింది! నా ఇంటి ముందు గుంటలో ఇప్పటికీ దూడని కడగొచ్చు."

"హార్లన్ గారూ, ఆ పద్దు వేరండీ," అంది మేయరు కొరీన్.

"పద్దులు మీకు వేరేనమ్మా, జేబు మాత్రం నాదొక్కటే!"

జనం చప్పట్లు కొట్టారు. దాపరికం ఎందుకు, నేనూ కొట్టాను. ఆ తోరణాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత అంబులెన్స్ నడిపే టెస్ లేచింది. వెర్లిన్ ఛాతీ నొక్కి ఊపిరి పోసింది ఆ పిల్లే. "మేం ముగ్గురమే మిగిలాం. బండికి నా పెద్దకూతురి కంటే వయసెక్కువ. ఇంతకంటే చెప్పేదేం లేదు," అని కూర్చుంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

లవాన్ మైకు దగ్గరికి వెళ్ళింది.

"లవాన్ స్టకీ. తూర్పు మూడో వీధి, నాలుగు వందల పన్నెండు." టెస్ కూర్చున్న వైపు నుంచి మొహం తిప్పుకుంది. "నాకు అంబులెన్స్ మీద కోపం లేదు. టెస్ మొహం చూస్తే మాట రాదు, అందుకే ఇటు తిరిగి మాట్లాడుతున్నా. దుకాణాలు పోయాక పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? పోనీ, ఈ డబ్బు అంబులెన్స్‌కే అని ఓటు కాయితం మీద రాస్తారా?"

"మా ఉద్దేశం అదేనండీ," అంది కొరీన్.

"ఉద్దేశం కాదు తల్లీ. రాస్తారా?"

కొరీన్ పక్కనున్న లాయరు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే టెస్ నడుముకున్న రేడియో కూసింది.

"తూర్పు మూడో వీధి. నాలుగు వందల..." ఆ తర్వాత గరగర.

ఆ వీధి పేరు మేమంతా ఇప్పుడే విన్నాం కదా. హాలంతా లవాన్ వైపు తిరిగింది. ఆమె మైకు కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"...ముప్ఫై. పెద్దావిడ. పడిపోయారు, లేవలేకపోతున్నారు."

మిల్డ్రెడ్ కాబ్. లవాన్ వాళ్ళ వరసలో చివరి ఇల్లు. టెస్ వాళ్ళు ముగ్గురూ కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తారు.

"హమ్మయ్య!" అంది లవాన్. ఆ మాట మైకులోంచి హాలంతా వినిపించింది. చేత్తో నోరు మూసుకుని, మిగిలిన నిమిషాలు వదిలేసి, సరాసరి నా దగ్గరికొచ్చి, "ఒపాల్, ఇంటికి పద," అంది.

కారులో నా వైపు చూడకుండా అడిగింది. "మిల్డ్రెడ్ పడితే హమ్మయ్య అన్నానే! ఏం మనిషినే నేను?"

"వెర్లిన్ కానందుకు అన్నావు. మిల్డ్రెడ్ విన్నా ఏమీ అనుకోదు."

మొహం తుడుచుకుంది. తర్వాత, "మిల్డ్రెడ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్తే ఇక ఊళ్ళో బండి ఉండదు కదూ?" అంది.

మేం వెళ్ళేసరికి వెర్లిన్ వంటింట్లో రేడియో ముందున్నాడు. అంబులెన్స్ కబుర్లు వినిపించే ఆ రేడియో మా ఇళ్ళలో గడియారంలాగా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. మమ్మల్ని చూసి లేచి మేడమెట్ల వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"కళ్ళజోడు పైనుంది."

"కూర్చో. బండి తిరిగొచ్చేదాకా మెట్లెక్కకు."

"పోనీ చెర్రీ పళ్ళ కేకు ముక్క తినొచ్చా?"

"వేళాకోళమా? నోర్మూసుకుని కూర్చో!"

వెర్లిన్ కూర్చున్నాడు. ముగ్గురం బల్ల చుట్టూ రేడియో వింటూ ఉండిపోయాం. అతను దగ్గితే లవాన్ లేచేది, దగ్గకపోతే వంగి ఊపిరి చూసేది. నా గుండె ఎంత గట్టిదో నాకూ అనుమానం వచ్చింది. కిటికీలో వెలుగు తగ్గాక చివరికి టెస్ గొంతు వినిపించింది. మిల్డ్రెడ్‌ను జిల్లా కేంద్రం ఆసుపత్రిలో చేర్చారట, తుంటి ఎముక విరిగిందట. "ఊళ్ళోకి వచ్చేశాం. బండి సిద్ధంగా ఉంది."

"ఇక ఎక్కనా?" అన్నాడు వెర్లిన్.

లవాన్ బల్ల మీద తల ఆన్చి భోరున ఏడ్చింది.

మర్నాడు దుకాణానికి వెళ్తే అద్దానికి బోర్డు లేదు.

"నన్నేమీ అడక్కు," అంది లవాన్ నేను నోరు తెరవకముందే. "ఈ డబ్బుతో ఇంకో తోరణం గనక కడితే దాని మీద మొదటి రాయి విసిరేది నేనే."

అప్పటికే ఒక కుర్ర జంట వాషింగ్ మెషీన్ మూత తీసి చూస్తున్నారు. ఓటింగ్ అయ్యాక ధర పెరుగుతుందా అని అడిగారు. పెరగొచ్చు అంది లవాన్, దాచకుండా. ఆలోచించుకుని వస్తామని వెళ్ళిపోయారు. వాళ్ళ ట్రక్కు మలుపు దగ్గర ఆగి సరిహద్దు వైపు తిరిగింది. అది కనిపించకుండా పోయేదాకా లవాన్ అద్దం దగ్గరే నిలబడింది.

"భయంగా ఉందే ఒపాల్," అంది. "అయినా నిన్నటి భయం కంటే ఇదే నయం."

అని వెనక్కొచ్చి, వాళ్ళు తెరిచి వదిలేసిన మూత దించి, దాని మీద దుమ్ము తుడవసాగింది.