మూత బిగించిన వాన

మొన్న అటక మీద మా బాబాయి వాన పుస్తకం దొరికింది. ఇంకా పసుపు వాసనే.

దుగ్గిరాలలో ఆయన డాబా మీద గాజుసీసా పెట్టి, పడిన ప్రతి వాననూ కొలిచి రాసుకునేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, చలి ఇంకా పోని మాఘంలో, ఉడికించిన పసుపంతా కళ్లంలో ఆరుతుండగా మబ్బు కమ్మింది.

“టీవీలో వాన లేదన్నారుగా?” అన్నాడు నాన్న, మబ్బు వైపు చూస్తూ.

“ఆరేది టీవీ వాళ్ల పసుపు కాదుగా అన్నయ్యా. బరకాలు కప్పండి,” అన్నాడు బాబాయి.

సీసా నోరు తెరుచుకుని ఉండబట్టే వాన వస్తోందని నా నమ్మకం. అందరూ కళ్లానికి పరిగెత్తగానే డాబా ఎక్కి, ఏడుస్తూ మూత బిగించాను. వాన నన్ను పట్టించుకోలేదు. పసుపును కాపాడింది బరకాలే.

మర్నాడు బాబాయి సీసానూ నన్నూ మార్చి మార్చి చూసి పుస్తకం తెరిచాడు. ఏం రాసుకున్నాడో ఇప్పుడు చదివాను: “వాన పడింది. కొలత లేదు. పిల్ల భయపడింది.”