చింతపండులో నానిన తూటా గొట్టాలు

సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌లో ఇత్తడి కుందులకు చింతపండు పట్టించి తోముతుంటే, మా నాలుగేళ్ల పాప ముక్కు మూసుకుని, "సో స్మెల్లీ లా, అమ్మా!" అంది. ఆ పుల్లటి వాసనకి నాకు నాన్న గుర్తొచ్చారు.

నాన్న హైదరాబాదులో ఒక రైఫిల్ క్లబ్బులో పనిచేసేవారు. కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను కడిగి, కొలతలు సరిచూసి, మళ్లీ మందు నింపడానికి సిద్ధం చేసేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పోటీలకు వెళ్లే సునీతక్క గొట్టాలు యాభై ఇంట్లో ఆయన బల్ల మీద నల్లగా కనిపించాయి. సాయం చేద్దామని వాటిని చిక్కటి చింతపండు రసంలో వేసి బడికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అవి గులాబీ రంగు తిరిగి తళతళలాడుతున్నాయి.

"నాన్నా, కొత్తవాటికన్నా మంచిగున్నయ్!"

నాన్న ఒకదాన్ని వెలుతురులో తిప్పి చూశారు. "పావుగంట చాలు బిడ్డా. ఎక్కువ నానితే పులుపు ఇత్తడి బలం తినేస్తది," అంటూ పట్టకారుతో యాభైటినీ నొక్కి సొట్టలు పెట్టేశారు. నా మీద కోపమనుకుని ఏడ్చాను.

మర్నాడు సునీతక్క వచ్చింది. "ఏందంకుల్, పోటీ ముందర నా సరుకంతా చట్నీ చేసిన్రా?"

"చేసిన. ఈసారి క్లబ్బు తూటాలతోటి కాల్చు. ఓడినా నడుస్తది. ఇవి చిట్లితే నీ చెంప పక్కనే చిట్లుతయ్," అన్నారు నాన్న. నా పేరు ఎత్తలేదు.

గొట్టాలను నొక్కేయడం నాకు శిక్ష కాదని, మళ్లీ ఎవరూ పొరపాటున వాటిని వాడకూడదని అలా చేశారని చాలా ఏళ్లకు తెలిసింది. పాప విషయంలో నాకు భయాలెక్కువని ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. తను వాడే వస్తువేదైనా ఉంచాలా పారేయాలా అన్న అనుమానం వచ్చినప్పుడు, పారేయడానికి నా చెయ్యి మాత్రం తడబడదు.