తడిసిన చూపుడువేలు

మా కర్నూలు కాలేజీలో మందుల రసాయనశాస్త్రం ప్రొఫెసరు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరుతో అచ్చయిన పరిశోధన వ్యాసాలు పేరిస్తే తుంగభద్రకు అడ్డుకట్ట వేయొచ్చు. పరీక్షనాళిక పట్టుకోగా మాత్రం చూసినవాడు లేడు. కొత్త పత్రిక రాగానే చూపుడువేలు నాలుక మీద తడుపుకొని, పేజీ తిప్పి, మొదట తన పేరుందో లేదో తడిమేవాడు.

ఒకసారి ఆయన శిష్యురాలు నాలుగేళ్లు కష్టపడి చేసిన తెల్లపొడి నలభై డిగ్రీలకే కరిగిపోయింది.

"ఇంత తక్కువంటే ఎవురు అచ్చేస్తారు? ముందర ఒకటి పెట్టు పాపా, శానా బరువయితాదా?" అన్నాడు.

నూట నలభై అని అచ్చయింది.

మే నెలలో తనిఖీకి వచ్చినవాళ్లకు ఆయన గర్వంగా సీసా చూపించాడు. మా ఊరి ఎండకే పొడి పానకమై ఉంది.

"నూట నలభైకి కరిగేది ఇదేనా?" అని వాళ్ల పెద్ద అడిగాడు.

ఆయన ఆ వ్యాసం ఉన్న పత్రిక తెరిచాడు. చూపుడువేలు మళ్లీ తడిసింది. పుట్టి బుద్ధెరిగి మొదటి పేరు దాటని ఆ వేలు, చిట్టచివరి పేరు దాకా నడిచి ఆగింది.

"ఈ పాప చేసిండాది సార్. నాకేం తెలుసు?"

"ఒకటి పెట్టమనింది మీరే కదా సార్," అంది ఆ పిల్ల. ఆ మాట తనిఖీవాళ్లెవరూ రాసుకోలేదు. ఆమె డాక్టరేటు అక్కడే ఆగింది.

మొన్న తన సన్మానసభలో ఆయన నాకు చెయ్యి చాపాడు. దూరం నుంచే నమస్కారం పెట్టాను. ఆ వేలు ఇంకా తడిగానే ఉంది.