నైజీరియాకు నేను మంత్రినైన ప్రయాణం

నేను కొంతకాలం నైజీరియాకు మంత్రిగా పనిచేశాను. ఒమాన్‌లో, దుక్మ్ నుంచి మస్కట్ వెళ్లే బస్సులో. మంత్రి అన్నది కాస్త పెంచాను, వార్డు మెంబరునే. పక్కసీటు నైజీరియా మనిషి తమ ఊరి రేడియోకు ఫోన్ చేసి, అక్కడి వార్డు నాయకుణ్ణి నిలదీయాలట. ముందుగా అలవాటు కోసం, నన్ను ఆ నాయకుడిగా నటించమన్నాడు.

“మా అమ్మ ఇంకా వాగు నీళ్లే తాగుతోంది. బోరు ఎప్పుడేస్తారు సార్?”

“చూద్దాం,” అన్నాను, మన నాయకుల్లాగే.

“మాది గొప్ప దేశం సార్. అందుకే అడుగుతున్నా.”

అక్కడికక్కడే రాజీనామా చేశానని అందరికీ చెబుతుంటాను. ఆ రోజు వెనకసీట్లో ఉన్న మా రూమ్ రాజన్న మాత్రం ఊరుకోడు.

“రాజీనామా లేదు, గీజీనామా లేదు కాకా. తల దించుకొని సారీ అన్నవ్. అది విని ఆయన మస్కట్ దాక నీ చెయ్యి ఇడువలే.”